మోపు దాటే చోటు

కారు ఆగింది. కానీ తనంతట తాను ఆగలేదు, శ్రీశైలం బ్రేకు తొక్కితే ఆగింది. ఈ రెండింటికీ తేడా ఉందని సాయమ్మకు తెలియదు. మెడ మీద పచ్చిగడ్డి మోపుతో, విరిగినట్టు అడ్డంగా వంగిపోయిన నడుముతో, తన పాదాల ముందరి జానెడు నేల తప్ప మరేమీ చూడకుండా ఆమె కొత్తరోడ్డు దాటి చిన్న మంగళారం దారిలోకి దిగిపోయింది. తెల్లకారు ఒకటి తనకు మూడు జానల దూరంలో నిలబడిపోయిందన్న సంగతి కూడా ఆమె ఎరగదు.

శ్రీశైలం మాత్రం ఆమె దిగిపోయేదాకా బ్రేకు మీంచి కాలు తీయలేదు. అతని ఉద్యోగం పేరుకు డ్రైవరు. చేసేది చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం. తోలేవాడు లేకుండా నడిచే కార్లు అవి. చేవెళ్ల నుంచి మొయినాబాద్ వైపు వేసిన కొత్తరోడ్డు మీద నెల రోజులుగా పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా మూడు కార్లు తిరుగుతున్నాయి. ఆ నాలుగు గంటలూ మిగతా బండ్లన్నిటినీ పాతరోడ్డుకు మళ్లిస్తారు. స్టీరింగు దానంతట అది తిరుగుతుంటే లోపలి మనిషి చూస్తూ ఉండాలి. ఇక తప్పదనుకుంటేనే బ్రేకు తొక్కాలి. పదిహేనేళ్లు ట్రాలీ ఆటో తోలిన శ్రీశైలానికి ఊరికే కూర్చోవడం కంటే పెద్ద శిక్ష ఇంకొకటి లేదు.

పదకొండు దాటగానే అతను తిన్నగా మొయినాబాద్‌లో ఎస్తేర్ పనిచేసే మేడమీది గదికి వచ్చాడు. కింద టైర్ల దుకాణం, పైన ప్లానింగ్ ఆఫీసు వాళ్లు కిరాయికి తీసుకున్న రెండు గదులు. ఎస్తేర్‌దీ చిన్న మంగళారమే. సాయమ్మ ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ.

“అక్కా, పొద్దున కుక్కకు ఆగింది. మేకపిల్లకు ఆగింది. గాలికి లేసిన కవరుకు గూడ జర స్పీడు తగ్గింది. సాయమ్మవ్వకు మాత్రం తగ్గలే. సూసి పోయినట్టు లేదు. ఆడ ఎవ్వలు లేనట్టే పోయింది,” అన్నాడు. అని, నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగాడు.

ఎస్తేర్ ఆ పొద్దుటి కారు రికార్డు తీసి తెర మీద పెట్టింది. కారు చూసే లోకం మనం చూసే లోకం కాదు. అందులో ఆకాశం ఉండదు, ఎండ ఉండదు. నల్లటి తెర మీద చుక్కలతో గీసిన రోడ్డు, దాని మీద రంగు రంగుల గడులు. మనిషికి పచ్చ గడి, పశువుకు పసుపు, బండికి నీలం, సామానుకు బూడిద రంగు. ప్రతి గడి పక్కనా, అది ఏమిటో తనకు ఎంత గట్టిగా తెలుసో కారు నూటికి ఇంత అని ఒక అంకె వేసి చెబుతుంది.

తొమ్మిది గంటల రెండు నిమిషాలకు రోడ్డు పక్కన ఒక బూడిద రంగు గడి లేచింది. నెమ్మదిగా, ఒక పక్కకు కొంచెం ఒరుగుతూ, రోడ్డు మీదికి వచ్చింది. దాని చుట్టూ మనిషి లేడు. దాన్ని మోసేవాళ్లు లేరు. ఒక మూట తనంతట తాను నడుచుకుంటూ రోడ్డు దాటుతోంది. పక్కన తొంభై ఏడు అని అంకె. కారుకు అనుమానమే లేదు. అది సామాను, దాని పక్కనుంచి రాసుకుంటూ పోవచ్చు.

ఎస్తేర్ ఆ ముక్కను నాలుగుసార్లు వేసి చూసింది.

*

మర్నాడు మహేశ్వర్ సారు వచ్చాడు. రోడ్ల ప్లానింగు ఆయన చేతిలో ఉంది. చెడ్డవాడు కాదు. ఎవరి మీదా గొంతు లేపడు, కాగితం ముట్టుకునే ముందు చేతులు తుడుచుకుంటాడు. రికార్డు చూసి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. ఆ తరవాత పెద్ద నక్షా పరిచాడు. చిన్న మంగళారం దగ్గర రోడ్డుకు రెండు పక్కలా పాతబోయే కంచెల మధ్య చిన్న ఖాళీ ఉంది. ఊరివాళ్లు చేలకు దాటేది అక్కడే.

సంగతి ఏమిటంటే, శుక్రవారం ఈ కార్లను పరీక్షించే కమిటీ వస్తుంది. దాటే మనుషులందరికీ కార్లు ఆగితే ఆ ఖాళీ అలాగే ఉంటుంది, చారలు గీసి వదిలేస్తారు. ఒక్కరికి ఆగకపోయినా కంచె మూసేస్తారు. చేలకు పోవాలంటే అజీజ్‌నగర్ వైపు కిలోమీటరున్నర నడిచి, మెట్ల వంతెన ఎక్కి దిగాలి. మనుషులు చావకూడదన్నదే ఆయన బాధ కూడాను.

“ఆ పెద్దామె మెట్లు ఎక్కలేదు కదా. అందుకే చెబుతున్నాను. శుక్రవారం ఒక్కరోజు ఆమెను ఇంట్లో ఉండమనండి, ఎస్తేర్ గారూ. మీరు చెబితే వింటుంది,” అన్నాడు.

ఎస్తేర్ తల ఊపింది. కానీ ఆలోచించిన కొద్దీ ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. సాయమ్మను ఇంట్లో దాచేస్తే దారి మిగులుతుంది. శనివారం నుంచి ఆ దారిలోనే, ఆమెను చూడలేని కార్లు వస్తాయి. ఆమెను దాటనిస్తే కారు ఆగదు, దారి పోతుంది. కారుకు కనబడని మనిషికి ఎటు చూసినా చోటు లేదు.

సారు వెళ్లాక ఆమె తన పాత పని తెరిచింది. ఆమె ఉద్యోగం అదే. రోడ్ల మీద తీసిన ఫొటోల్లో కనబడే ప్రతిదాని చుట్టూ గడి గీసి, అదేమిటో రంగు ఎంచాలి. వాటిని చూసే కారు నేర్చుకుంటుంది. రోజుకు తొమ్మిది వందల ఫొటోలు. నాలుగు నెలల్లో లక్ష దాకా గీసింది. చేరిన కొత్తలో, మోపు కింద మనిషి సగం మునిగిపోతే ఏం పెట్టాలని అడిగితే, ఏది ఎక్కువ కనబడితే అదే పెట్టమని పైనుంచి జవాబు వచ్చింది. ఏది ఎక్కువ కనబడుతుంది? మోపే కనబడుతుంది.

బూడిద రంగు గడులను మాత్రం ఏరి వరసగా పెట్టింది. సిమెంటు బస్తాలు, నీళ్ల డబ్బాలు, పూలకుండీలు. వాటి మధ్య గడ్డిమోపులు. ఒకటి, రెండు, పది, నలభై. ప్రతి మోపు కిందా రెండు పాదాలు ఉన్నాయి. పగిలిన మడమలు, బురద పట్టిన పట్టీలు, ఒక చోట ఒట్టి వేళ్లు. రోజుకు తొమ్మిది వందలు గీసే వేగంలో ఆమె ఆ పాదాలను ఒక్కసారైనా చూడలేదు. ఇప్పుడు చూస్తుంటే అవన్నీ ఆమె వైపే నడిచి వస్తున్నట్టుంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కింద దుకాణంలో ఎవరో టైరు దొర్లిస్తే ఉలిక్కిపడింది.

ఆరువందల చిల్లర దాటాక ఒక ఫొటో దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఫిబ్రవరి నాటిది. మోపు మోకాళ్ల దాకా జారి ఉంది. కింద ఆకుపచ్చ చీర అంచు. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. ఆ పిన్నీసు పెట్టింది ఎస్తేరే. గడి మూలన గీసినవారి నంబరు ఉంది. అదీ ఆమెదే.

*

ఆ సాయంత్రం విమలమ్మ ఇంటి ముందర గిన్నెలు తోముతోంది. ఎస్తేర్ గడప మీద కూర్చుని తల్లిని చూస్తోంది. ఈ మధ్య ఆమె కళ్లకు ఒక జబ్బు పట్టుకుంది. ఎవరిని చూసినా చుట్టూ నాలుగు గీతలు పడతాయి. ఆదివారం ప్రార్థన గుడిలో పాట పాడుతున్నవాళ్ల చుట్టూ కూడా పడ్డాయి. ఇప్పుడు తల్లి చుట్టూ పచ్చగా ఒక గడి పడింది. విమలమ్మ పెద్ద గంజు ఎత్తి దాని వెనక వంగింది. గడి బూడిద రంగుకు మారింది. ఎస్తేర్ కళ్లు గట్టిగా మూసుకుంది.

“అమ్మా, ఫిబ్రవరిల మోపు ఎత్తుకోని కొత్తరోడ్డు దాటినవా?”

“రోజు దాటుత గదనే. ఎందుకు?”

“నిన్ను నేను సామానని రాసిన.”

విమలమ్మకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. కూతురు అంతా విడమరిచి చెప్పాక ఆమె కోప్పడలేదు, నొచ్చుకోలేదు. బూడిద పీచు పక్కన పెట్టి నవ్వింది.

“మోపు కింద ఉన్నప్పుడు నాకు గూడ గట్లనే అనిపిస్తది లే,” అంది.

ఎస్తేర్‌కు నవ్వు రాలేదు. అన్నం సయించలేదు. సిగ్గు అంటే ఏమిటో ఆమెకు ఆ పూట తెలిసింది.

బుధవారం పొద్దున్నే ఆమె మహేశ్వర్ సారుకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తప్పు కారుది కాదు, తనది. తిడతాడనుకుంది, పని పోతుందనుకుంది. ఆయన సంతోషించాడు. తప్పు ఎక్కడుందో తెలిస్తే సగం దిద్దినట్టే అన్నాడు. గురువారం మధ్యాహ్నం లోపు ఆ గడులన్నీ సరిచేసి పంపితే, పట్నంలోని వాళ్లు రాత్రికి రాత్రి కార్లకు కొత్త పాఠం ఎక్కిస్తారట. ఇంకొక మాట కూడా చెప్పాడు. పెద్దామెను ఇంట్లో ఉంచవద్దు. శుక్రవారం ఎప్పటిలాగే రమ్మనాలి. ఆమెకు ఆగిన కారు ఇంకెవరికైనా ఆగుతుంది.

గురువారం మధ్యాహ్నం దాకా ఎస్తేర్ కుర్చీ దిగలేదు. ఒక్కొక్క మోపు దగ్గరా ఆగి, పాదాలు వెతికి, పాదాల నుంచి మోపు పైకొస దాకా కొత్త గడి గీసింది. బూడిద రంగు తీసి పచ్చ పెట్టింది. కొందరిని పాదాలను బట్టి గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచింది. గదిలో తానొక్కతే ఉన్న సంగతి అప్పుడప్పుడు మరిచిపోయింది.

*

గురువారం పొద్దు వాలుతుండగా ఆమె రోడ్డు దాటి సాయమ్మ దగ్గరికి వెళ్లింది. ఫామ్‌హౌసు ప్లాట్లు చేసి ఇంకా ఇళ్లు కట్టని చేలల్లో గడ్డి నడుముల దాకా పెరిగింది. సాయమ్మ వంగి కోయనక్కరలేదు, ఎలాగూ వంగే ఉంటుంది. కొడవలి కుదుళ్లకు తగిలించి లాగుతుంది, పిడికెడు పిడికెడుగా పక్కకు వేస్తుంది. తాడు మీద పరిచి, మోకాలు అదిమి, ముడి బిగిస్తుంది. ఒక్క గేదెకు రెండు పూటల మేత. పాలు అజీజ్‌నగర్ తోట ఇళ్లకు పోతాయి.

మోపు కట్టడం ఒక్కరి పని. ఎత్తడం ఇద్దరి పని. ఆ ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. మోపు పక్కన నిలబడ్డ మనిషి కనబడితే, దారిన పోయేవాళ్లు ఎవరైనా సరే, ఎంత తొందరలో ఉన్నా సరే, ఆగి, దిగి, ఒక చెయ్యి వేసి మోపును నెత్తికి ఎత్తాలి. పిలవరు, బతిమాలరు. మోపు పక్కన నిలబడితే అదే పిలుపు. ఇచ్చిపుచ్చుకునే మాట ఉండదు, పేరు కూడా అడగరు. సైకిలు మీద పోయేవాడు ఆగాడు, మోటారుసైకిలు ఆగింది, ఆర్టీసీ డ్రైవరు బస్సు ఆపి దిగిన రోజులు కూడా ఉన్నాయి.

ఎస్తేర్ మోపు ఎత్తిపెట్టి, రేపు కూడా తొమ్మిదింటికే దాటాలని, కార్లు నిన్ను చూసి ఆగుతాయని చెప్పింది. ఆగకపోతే ఏమవుతుందో కూడా దాచలేదు. సాయమ్మ మోపు కిందనుంచి పక్కకు తిరిగి ఒక కన్నుతో చూసింది.

“ఇన్నొద్దులు కనబడలేదా బిడ్డా నేను?”

“లేదవ్వా.”

“రేపు కనబడుత?”

“కనబడుతవు.”

*

శుక్రవారం విమలమ్మ ఉపవాస ప్రార్థనకు పోయింది. ఆమె పోతే సాయమ్మకు చేలో మోపు ఎత్తేవాళ్లు ఉండరన్న సంగతి ఎస్తేర్‌కు తట్టలేదు.

రోడ్డు వారగా షామియానా, కుర్చీలు, పెద్ద తెర. కమిటీ వాళ్లు నలుగురు. ఎస్తేర్ తెర పక్కన కూర్చుంది. కార్లు మూడూ వచ్చాయి, పోయాయి. హారను లేదు, ఇంజను చప్పుడు లేదు. కప్పు మీద దారి చూసే డబ్బాలో ఏదో గిర్రున తిరుగుతుంటుంది, అంతే. బడిపిల్లలు దాటారు, ఆగాయి. గొర్లమంద దాటింది, ఆగాయి. కమిటీ పెద్దాయన మజ్జిగ తాగుతూ తల పంకించాడు.

తొమ్మిదింటికి సాయమ్మ వచ్చింది. మోపు మెడ మీద లేదు. చేలోంచి తాడు పట్టి ఈడ్చుకుంటూ వచ్చి, రోడ్డు అంచున నిలబెట్టి, దాని పక్కన నిలబడింది.

ముందు కారు దూరం నుంచే తగ్గుతూ వచ్చి ఇరవై అడుగుల అవతల ఆగింది. తెర మీద పచ్చ గడి వెలిగింది. మనిషి, తొంభై ఎనిమిది. షామియానాలో చప్పట్లు కొట్టారు. మహేశ్వర్ సారు ఎస్తేర్ వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

కానీ సాయమ్మ కదలలేదు. ఆగినవాడు దిగాలి కదా. ఆమె మోపు మీద చెయ్యి వేసి కారు వైపు చూస్తూ నిలబడింది. కారు ఆమె వైపు చూస్తూ నిలబడింది. అద్దం వెనక శ్రీశైలం కనబడుతున్నాడు, చేతులు ఒళ్లో ఉన్నాయి. కమిటీ ముందర తలుపు తీసినా, బ్రేకు ముట్టుకున్నా పరీక్ష పోయినట్టేనని అతనికి మూడుసార్లు చెప్పారు. రెండో కారు వచ్చి మొదటిదాని వెనక ఆగింది. మూడోది దాని వెనక ఆగింది.

చప్పట్లు ఎప్పుడో ఆగిపోయాయి. గాలి లేదు. మూడు తెల్లకార్ల మీద డబ్బాలు తిరుగుతూనే ఉన్నాయి. సాయమ్మ రెండు అడుగులు ముందుకు వేసింది.

“దిగు బిడ్డా,” అంది కారుతో. గొంతులో కోపం లేదు. పరాయి ఊరి మనిషికి పద్ధతి చెబుతున్నట్టు చెప్పింది.

శ్రీశైలం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎవరో గడియారం చూసుకున్నారు. ఇక ఎస్తేర్ కూర్చోలేకపోయింది. తెర వదిలి, ఎండలోకి నడిచి, మోపుకు ఒక చెయ్యి వేసి సాయమ్మ మెడ మీదికి ఎత్తింది. ఇద్దరూ రోడ్డు దాటారు. వాళ్లు అవతల అంచు దిగాకే కారు కదిలింది.

“ఆగింది గని దిగలేదేంది? లోపల పిలగాడు ఉండె గద,” అని సాయమ్మ అడిగింది.

“దిగొద్దని చెప్పిండ్రు అవ్వా.”

“గట్లెవలు చెప్తరు?” అని ఆశ్చర్యపోయింది. కాసేపు నడిచాక తనే సర్దుకుంది. “పోనీ లే. ఆగింది. మనిషినని ఎరుకైంది దానికి.”

*

శనివారం మహేశ్వర్ సారు ఫోను చేశాడు. భద్రతలో నూటికి నూరు వచ్చాయట. ఎస్తేర్ ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించారట. ఆ తరవాత మిగతాది చెప్పాడు. ఒక్క మనిషి దగ్గర మూడు కార్లు ఆరు నిమిషాలు ఆగాయి. రేపు మూడు కాదు, మూడు వందలు వస్తాయి. చూసిన ప్రతిసారీ ఆగుతాయి. రోడ్డు వేసింది ఆగడానికి కాదని కమిటీ వాళ్లు రాశారు. కాబట్టి ఖాళీ మూసేస్తున్నారు. సోమవారం కంచె స్తంభాలకు సున్నం గీతలు పోయించాలి, చోటు తెలిసిన మనిషి కాబట్టి ఆమే దగ్గరుండి చూసుకోవాలి.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. కనబడనన్నాళ్లూ సాయమ్మ ప్రాణానికి గండం. కనబడిన రోజున రోడ్డుకు అడ్డం. ఎవరిని తిట్టాలో ఎస్తేర్‌కు తెలియలేదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు.

సోమవారం ఎనిమిదింటికి కూలీలు టేపు పట్టారు. ఎస్తేర్ డబ్బాలోంచి సున్నం పోసుకుంటూ రోడ్డు అంచు వెంట గీత గీసింది. వాళ్లు చాయ తాగడానికి పోయాక, చేల వైపు నుంచి, ఎత్తేవాళ్లు లేక, సాయమ్మ మోపు ఈడ్చుకుంటూ వచ్చింది. తెల్లగీత దగ్గర ఆగి, తొక్కకుండా పాదం వెనక్కి తీసుకుంది. ముఖం విప్పారింది.

“మాకోసమేనా బిడ్డా గీతలు?”

అవునంటే ఆమె సంతోషంగా దాటిపోయేది. ఎస్తేర్ గొంతు దాకా ఆ అబద్ధం వచ్చింది. తల్లి చుట్టూ తాను గీసిన గడి గుర్తొచ్చి దాన్ని మింగేసింది.

“కాదవ్వా. కంచెకు. ఎల్లుండి మూసేస్తరు. నువ్వు కనబడితే బండ్లు ఎక్కువసేపు ఆగుతున్నయంట.”

సాయమ్మ మోపు మీద చెయ్యి వేసుకుని రోడ్డు పొడుగునా చూసింది. మొయినాబాద్ వైపు నుంచి తెల్లకారు వస్తోంది, చప్పుడు లేకుండా. ఇరవై అడుగుల అవతల ఆగింది. లోపల శ్రీశైలం. డబ్బా తిరుగుతోంది.

“మన్షి ఉంటే అది ఎంతసేపు ఆగుతది?”

“ఉన్నంతసేపు ఆగుతది.”

“పక్కకెల్లి పోదా?”

“పోదు. పోవద్దని నేనే నేర్పిన.”

సాయమ్మ తాడు పట్టి మోపును గీత దాటించింది. రోడ్డు నడుమకు ఈడ్చి, పడుకోబెట్టి, దాని మీద ఒక కొసన కూర్చుంది. కూర్చుంటే ఆమె నడుము వంపు అంతగా తెలియదు. రెండో కారు వచ్చి ఆగింది. మూడోది కనుచూపు మేరలో ఉంది. శ్రీశైలం ఒకసారి ఎస్తేర్ వైపు చూశాడు. అతనికి చెప్పింది ఒక్కటే పని, ప్రమాదం లేనప్పుడు ఏదీ ముట్టుకోవద్దని. ఇక్కడ ప్రమాదమేమీ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, సీటు కొంచెం వెనక్కి వాల్చుకున్నాడు.

ఎస్తేర్ ఇంకా సున్నం డబ్బా పట్టుకునే నిలబడి ఉంది. సాయమ్మ మోపు రెండో కొసను అరచేత్తో తట్టింది.

“అయితే కూసో,” అంది.